అడుగు లేని కుండ

అనగనగా, ఇళ్లన్నీ తాటాకు కప్పుల కింద ఉన్న రోజుల్లో, ఏటివాక అనే చిన్న రాజ్యం ఉండేది. ఒక వేసవిలో నిప్పంటుకుని సగం ఊరు బూడిదైపోయింది. మళ్లీ ఎండలు ముదిరేలోగా ప్రతి ఇంటికీ పెంకులు వేయాలని రాజు శాసించాడు. ఊరి కుమ్మరులకు కుండలు చేయడమే తప్ప పెంకులు చేయడం రాదు. ఉగాదిలోగా నేర్చుకోకపోతే కుండలు చేసే సారె చక్రాలు లాక్కుని కుమ్మరి వీధి ఖాళీ చేయిస్తామని మంత్రి దండోరా వేయించాడు.

మొదట వాళ్లకు నేర్పడానికి ఒక పండితుడు వచ్చాడు. పెంకు పొడవూ వెడల్పూ శ్లోకాల్లో వల్లె వేయించాడు. అరవై ఏళ్ల కుమ్మరి బంగారయ్య పొద్దంతా వల్లించి సాయంత్రానికి అంతా మరిచిపోయాడు. మట్టిని మాత్రం ఎవరూ ముట్టలేదు.

తర్వాత ఒక పంతులు వచ్చాడు. తల నెరిసినవాళ్లను పసిపిల్లల్లా వరుసగా కూర్చోబెట్టి, తప్పు చేసిన చేతిని బెత్తంతో కొట్టాడు. మనవల ముందు దెబ్బ తిన్న బంగారయ్య మరునాటినుంచి ఇల్లు కదల్లేదు.

మూడోసారి ఏటి అవతలినుంచి పెంకులు చేసే పేరమ్మ వచ్చింది. మంత్రి ఆమె చేతికి బెత్తం ఇచ్చాడు. పేరమ్మకు ఒళ్లు మండింది. దాన్ని తీసుకెళ్లి కుండలు కాలే ఆవంలో పడేసింది.

"వీళ్లకు రాకపోతే నీ సారె కూడా పోతుంది" అన్నాడు మంత్రి పళ్లు కొరుకుతూ.

"పోనివ్వండి దొరా. బెత్తం మాత్రం పట్టను."

ఆమె నేరుగా బంగారయ్య ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. "మామా, అడుగు లేని కుండ చేయగలవా? పొడుగ్గా, ఒక కొస కాస్త సన్నంగా?"

బంగారయ్యకు నవ్వొచ్చింది. అదేం పనని సారె తిప్పి నిమిషంలో చేసి చూపించాడు. దాన్ని దారంతో నిలువునా కోస్తే రెండు పెంకులవుతాయని పేరమ్మ చెప్పింది.

అక్కడే చిక్కొచ్చి పడింది. పచ్చికుండను కోయడం ఆ వీధిలో మహా అపశకునం. చుట్టూ చేరిన కుమ్మరులందరి చేతులూ ఆగిపోయాయి. పేరమ్మ కసరలేదు, తొందరపెట్టలేదు. మీ వాళ్లలో ఎవరి ఇల్లు కాలిందని మాత్రం అడిగింది. మా చెల్లెలిదని బంగారయ్య చెప్పాడు.

"అయితే ఇది కుండ కాదు మామా, మీ చెల్లెలి ఇంటి కప్పు."

బంగారయ్య దారం లాగాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ లాగారు.

మొదటి పెంకులు పగిలాయి. ఎందుకు పగిలాయో పేరమ్మ చెప్పలేదు, వాళ్లనే అడిగింది. ఎండలో గబగబా ఆరినందుకని వాళ్లే తేల్చుకుని, ఈసారి నీడన ఆరబెట్టి, ఆవంలో కాల్చి, ముందుగా బంగారయ్య చెల్లెలి ఇంటికి కప్పారు.

ఉగాది ముందురోజు రాజు వచ్చి, బంగారయ్య చెల్లెలి ఇంటి చూరుకు స్వయంగా కాగడా పెట్టాడు. పెంకులు నల్లబడ్డాయే కానీ అంటుకోలేదు.

మంత్రి మూతి ముడుచుకుని, ఈ ముసలివాళ్లకు ఇంత తెలివి ఎక్కడినుంచి తెచ్చావని అడిగాడు.

"నేను తేలేదు దొరా. అది వాళ్ల చేతుల్లోనే ఉంది. మీరు కొట్టించింది ఆ చేతుల్నే" అంది పేరమ్మ.

రాజు తల దించుకుని, ఇకమీదట కుమ్మరి సారెను ఎవరూ లాక్కోరాదని ఆజ్ఞ ఇచ్చాడు.

నీతి: పెద్దలకు కొత్త విద్య నేర్పేవారు, వారికి అప్పటికే వచ్చిన విద్యను ముందు గౌరవించాలి.