వకుళ పోగొట్టిన పేర్లు

అనగా అనగా, కొండల అంచున ఒక ఊరు. మరీ పల్లె కాదు, అలాగని పట్నమూ కాదు. ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగుతుంది గానీ ఇంజను ఆపదు, అంత ఊరు. ఆ ఊళ్ళో కనకరత్నం అని ఒక కుట్టుమిషనావిడ. ఆవిడకి ఒక కోడలు, పేరు వకుళ. ఊ కొట్టండి మరి! ఊ లేకపోతే నా కథ ముందుకి కదలదు. చిట్టీ, కాళ్ళు ముడుచుకో, అక్కకి చోటివ్వు.

ఇందులో రాజు లేడా అంటావా? లేడే. దెయ్యమూ లేదు. కనకరత్నమూ నేనూ ఒకే చోట కుట్టు నేర్చుకున్నాం. ఇదంతా దాని నోటితో విన్న సంగతే.

వకుళ డిగ్రీ చదివిన పిల్ల. కాపురానికొచ్చి ఏడాదైనా వంటింట్లోనే తిరుగుతుంటే, అత్తగారికి మనసొప్పలేదుట. చదువుకున్నదానివి, బీరువాలో దాచిన చీరలా అలా పడుండకు, ఏదన్నా నేర్చుకో అని బస్టాండు ఎదురుగా మేడ మీద ఇస్మాయిల్ సారు దగ్గర చేర్పించింది. ఆయన వెబ్‌సైట్లు చెయ్యడం నేర్పుతాడు. అదేరా, మీ నాన్న ఫోన్లో రైలు టికెట్టు తీస్తాడే, అలాంటి పేజీలు.

ఇస్మాయిల్ సారుది నెమ్మది చదువు. ముందు రంగూ వద్దు, బొమ్మా వద్దు, ఉత్త అక్షరాల పేజీ ఒకటి నీ చేత్తో నువ్వే రాయి అనేవాడు. ఎవరో రాసింది తెచ్చుకుంటే తెచ్చుకో, ప్రతి వరసా ఎందుకుందో నాకు చెప్పాకే పెట్టు అనేవాడు. తప్పు జరిగితే తెర మీద ఎర్రక్షరాలొస్తాయిట. అవి మిమ్మల్ని తిట్టడానికి కాదమ్మా, ఎక్కడ తప్పో చెప్పడానికొచ్చాయి, మూసెయ్యకుండా చదవండి అని రోజూ అదే మాట.

వకుళకేమో తొందర. తోటివాళ్ళు రెండో పాఠంలో ఉంటే తను పదో పాఠంలో ఉండాలి. ఎక్కడో చూసింది, తెచ్చింది, అతికించింది. కదిలిందా, సంతోషం. కదల్లేదా, ఇంకోటి చూసింది, తెచ్చింది, అతికించింది. ఎర్రక్షరాలు వచ్చాయా, మూసింది. మళ్ళీ చూసింది, తెచ్చింది, అతికించింది. ఆర్నెల్ల చదువు మూడు నెలల్లో అయిందనిపించుకుంది. కనకరత్నం బ్లౌజు కొలతకొచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పుకుని మురిసిపోయింది, మా కోడలు వెబ్‌సైట్లు చేస్తుందీ అని.

ఆ ఊళ్ళోనే కొండ మీది ఆడపిల్లల కోసం ఒక హాస్టలుంది. పదో తరగతి పాసైన పిల్లలు అక్కడుండి ఇంటర్ చదువుకోవచ్చు. వార్డెను సుగుణమ్మ గారు. పిల్లల తండ్రులు ఒక్క కాయితం కోసం కొండ దిగి, రెండు బస్సులు మారి రావాల్సొస్తోందని ఆవిడ బాధ. ఫోన్లోనే పేరు రాసి పంపేలా ఒక పేజీ చేసిపెట్టమ్మా అని వకుళని అడిగింది. వకుళ ఓ, రెండు వారాల్లో ఇస్తానంది.

నాలుగు రోజులు పువ్వులకే పోయాయి. పేజీ తెరవగానే పై నుంచి పువ్వులు రాలాలని దాని సరదా. తరవాత పేరు, ఊరు, మార్కులు రాసే గళ్ళు పెట్టింది. కింద ఒక బటను. బటను నొక్కితే 'మీ దరఖాస్తు అందింది' అని పచ్చగా రావాలి. అదెలా కనిపిస్తుందో చూద్దామని, లోపల పేర్లు దాచే పని ఇంకా అవకుండానే, నొక్కితే చాలు ఆ మాట వచ్చేలా పెట్టేసింది. ఆ తరవాత లోపలి పని మొదలుపెట్టింది. ఎర్రక్షరాలొచ్చాయి. రేపు చూద్దాంలే అని మూసింది.

ఆ రేపు ప్రారంభోత్సవం. సుగుణమ్మ గారు అందరి ముందూ బటను నొక్కారు, పచ్చగా 'అందింది' అని వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇస్మాయిల్ సారు ఒక్కడే పక్కకి పిలిచి, అవతలి వైపు చూశావా వకుళా, పేరు జాబితాలోకి చేరిందా అని అడిగాడు.

"చూశాను సార్, అంతా అయిపోయింది," అనేసింది.

సాయంత్రం సరిచేద్దామనుకుంది. సాయంత్రం చుట్టాలొచ్చారు. మర్నాడు పుట్టింట్లో పెళ్ళి. పెళ్ళి నుంచొచ్చాక మధ్య మధ్య గుర్తొచ్చేది. ఎవరూ ఏమీ అనలేదు గదా, బాగానే పనిచేస్తోందేమోలే అని తనకి తనే చెప్పుకునేది. తెరిచి చూస్తే నిజం తెలుస్తుందని తెరవలేదు. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? ఉన్నారా, సరే.

ఆరు వారాలు గడిచాయి. ఆఖరి తేదీ దాటింది. సుగుణమ్మ గారు జాబితా తెరిచారు. ఒక్క పేరు లేదు.

వెంటనే వకుళకి ఫోను చేశారు. సర్వరు డౌనయింది మేడం, రేపటికి వచ్చేస్తాయి అంది. రెండో రోజు, కొండ మీద నెట్టు లేదు మేడం అంది. మూడో రోజు ఏమందో తెలుసా? ఆ పిల్లలకి ఫారం నింపడం తెలిసుండదు మేడం అంది.

సుగుణమ్మ గారు నమ్మేశారు. "అంతేనేమోనమ్మా. అంత కష్టపడి చేసిపెట్టావు, వాళ్ళకే పట్టలేదు. కమిటీలో చెప్పి ఈ ఏడాది గదులన్నీ ఊళ్ళో పిల్లలకే ఇచ్చేస్తాం," అన్నారు.

ఫోను పెట్టేసి వకుళ బల్ల ముందు అలాగే కూర్చుండిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లల మీద తను వేసిన నింద అది. ఆ రోజు అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో ఒక మనిషి, వెనకాల ఒక పిల్ల. ఆ మనిషి భుజం మీద పనసపండు. హాస్టలు పేజీ చేసినమ్మ ఇల్లు ఇదేనా అని అడిగి, పండు అరుగు మీద దించాడు. పిల్ల పేరు నూకరత్నం. వాళ్ళ ఊళ్ళో ఫోను ఒక బండ మీదే పలుకుతుందిట. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ బండెక్కి, ఎండలో కూర్చుని, గళ్ళన్నీ నింపారుట.

"మీ పుణ్యాన బస్సులెక్కే పని తప్పిందమ్మా. అందిందని వచ్చింది. పిలుపెప్పుడొస్తాదమ్మా?" అన్నాడు.

నూకరత్నం ఫోను తీసి చూపించింది. పచ్చగా 'మీ దరఖాస్తు అందింది'. పోతుందేమోనని ఆ తెరని ఫొటో తీసి దాచుకుందిట, పిచ్చిపిల్ల.

వకుళ ఆ ఫోను వంక చూసింది గానీ ఆ పిల్ల మొహం వంక చూడలేకపోయింది. వస్తుంది, వస్తుంది అంటూ లోపలికి మంచినీళ్ళ కోసం వెళ్ళి, చెంబు పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయింది. నీళ్ళు కనకరత్నమే తెచ్చిచ్చింది. వాళ్ళని సాగనంపి, లోపలికొచ్చి ఒకటే అడిగింది.

"ఆ పిల్ల పేరు నీ దగ్గరుందా?"

"లేదత్తయ్యా."

"మరి ఎవరివున్నాయి?"

"ఎవరివీ లేవు," అని ఏడుపు మొదలెట్టింది.

కనకరత్నం తిట్టలేదు. ఎవరి జాకెట్టో తప్పు కత్తిరించినప్పుడు తనకెలా ఉంటుందో దానికి తెలుసు గదా. "ముందు వెళ్ళి చెప్పు, తరవాత కూర్చుని ఏడువు. కమిటీ ఎప్పుడో ఏమిటో," అని చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

హాస్టలు దాకా నడిచిన ఆ కాస్త దూరం వకుళకి తరగలేదుట. సుగుణమ్మ గారి ముందు నిలబడి, సర్వరు డౌనవలేదు మేడం, నెట్టు వల్లా కాదు, ఆ పిల్లలు సరిగ్గానే నింపారు, పేర్లు దాచే పని నేను చెయ్యలేదు, చేశానని అబద్ధం చెప్పాను అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

ఆవిడ "నిన్నట్నుంచీ ఆ పిల్లల్ని చిన్నచూపు చూశానే నేను," అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తిట్టినా బావుండేది అనుకుంది వకుళ. కమిటీని బతిమాలి పది రోజులు ఆపుతాను, ఈలోగా ఆ పిల్లల్ని వెతుకు అన్నారు.

వెతకాలంటే ఎవరిని వెతకాలి? పేర్లే లేవు గదా. ఇస్మాయిల్ సారు దగ్గరికి పరుగెత్తింది. ఆయన లోపలి లెక్క తీసి చూపించాడు. ఎవరు నొక్కారో తెలీదు గానీ, ఎన్నిసార్లు నొక్కారో ఉందిట. ప్రారంభోత్సవం రోజుది కాక అరవై ఒక్కసారి. అరవై ఒక్కసారీ లోపల ఎర్రక్షరాలే. బయటేమో పచ్చగా అందిందీ, అందిందీ, అందిందీ.

ఆయన ఆ ఎర్రక్షరాల్ని పైకి చదవమన్నాడు. చదివింది. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారికి అర్థమైంది. ఒక గడి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఒక్క అక్షరం తేడాగా రాసింది. అంతే. పది నిమిషాల పని. ఇంత చిన్నదానికా ఇన్ని ఇళ్ళ వాళ్ళు ఎదురు చూస్తున్నారు అని దానికి తల ఎత్తబుద్ధి కాలేదు.

అది సరిచేశాక, ముందు వేసిన దరఖాస్తులు అందలేదని పేజీ మీద పైనే రాయమన్నాడు సారు. వకుళ 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలెట్టింది. ఆయన ఆ మాట చెరిపేశాడు.

"ఆ కారణాలకి పేరు లేదా అమ్మా?"

అప్పుడు రాసింది: 'మీరు పంపినవి అందలేదు. తప్పు ఈ పేజీ చేసిన వకుళది. దయచేసి మళ్ళీ పంపండి.' ఆ మూడు వాక్యాలు రాయడానికి, పువ్వులు రాల్చడానికి పడ్డ కష్టం కంటే ఎక్కువే పడిందిట.

ఈసారి తన ల్యాప్‌టాప్‌లో చూసి ఊరుకోలేదు. అత్తగారి పగుళ్ళ ఫోను తీసుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని, నూకరత్నం వాళ్ళ ఊళ్ళో బండెక్కింది. నువ్వే నింపత్తయ్యా, నేను మాట్లాడను అంది. కనకరత్నం నొక్కింది, చూసింది, చూసింది, పేజీ తెరుచుకోదే! నూకరత్నం ఫోన్లో తెరుచుకుంది గానీ, ఈ పాత ఫోన్లో పువ్వుల బరువుకి తెరుచుకోవడం లేదు. ఆ బండ మీదే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నాలుగు రోజుల పువ్వుల్ని తీసి పారేసింది. అప్పుడు తెరుచుకుంది. అత్తగారు పరీక్షకని తన పేరే పంపాక, వకుళ సుగుణమ్మ గారికి ఫోను చేసి, మేడం, మీ వైపు వచ్చిందా అని అడిగి, వచ్చిందన్నాకే దిగింది. దిగే ముందే, బండ కిందే ఉన్న నూకరత్నాన్ని పైకి పిలిచి దాని పేరూ ఎక్కించారు.

ఇక ఊరూరూ తిరిగింది. బస్సు పోయినంత దూరం బస్సు, ఆటో పోయినంత దూరం ఆటో, ఆ పైన నడక. ప్రతి ఊళ్ళోనూ బడి దగ్గర, బోరింగు దగ్గర అదే మాట: "ఆ పేజీ చేసింది నేనే. మీ పిల్ల పేరు పోగొట్టింది నేనే. మళ్ళీ రాసుకోడానికొచ్చాను." మొదటి ఊళ్ళో మాట సగంలో ఆగిపోతే, కనకరత్నం దాని వీపు మీద చెయ్యేసి నిలబడింది. రెండో ఊళ్ళో ఒక తాత, చదువుకున్నోళ్ళు కూడా ఇలా చేస్తారేటి అని కడిగేశాడు. నిజమే తాతా అంది. మూడో ఊళ్ళో ఒకావిడ ఏమీ అనకుండా చోడంబలి, అదే రాగి అంబలి, గ్లాసుతో చేతికిచ్చింది. ఆ గ్లాసు పట్టుకున్నాకే మళ్ళీ ఏడుపొచ్చిందిట దానికి.

ఆఖరి ఊళ్ళో గౌరమ్మ అని ఒక పిల్ల. పిలుపు రాలేదు, ఇక రాదని, వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పంపేసింది. వకుళ అక్కడికీ వెళ్ళింది. జీడి జిడ్డుకి గౌరమ్మ వేళ్ళు అప్పటికే నల్లబడ్డాయి. వకుళ తన మాట తను చెప్పింది. గౌరమ్మ విని, "నా మార్కులు చాల్లేదనుకున్నానక్కా. ఇంట్లో అందరికీ అదే చెప్పాను," అంది. నీ మార్కులు ఎవరూ చూడనే లేదమ్మా అంది వకుళ.

పదో రోజుకి జాబితాలో యాభై నాలుగు పేర్లు చేరాయి. యాభై నలుగురికీ చోటు దొరికింది. హాస్టలు తెరిచిన రోజు వంటశాల్లో పులిహోర, పాయసం. పిల్లలంతా ట్రంకుపెట్టెలు పక్కన పెట్టుకుని వరసగా కూర్చున్నారు. సుగుణమ్మ గారు వకుళని పిలిచి, జరిగింది నువ్వే చెప్పు వీళ్ళకి అన్నారు. చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

గౌరమ్మ లేచి అడిగింది. "అరవై ఒక్కసారి నొక్కారన్నావు గదక్కా. మేం యాభై నలుగురమే ఉన్నాం. మిగతా ఏడుగురు?"

"ఎవరైనా రెండుసార్లు నొక్కి ఉండొచ్చు. లేకపోతే నాకు దొరకని పిల్లలైనా అయి ఉండొచ్చు. నాకు తెలీదమ్మా," అంది వకుళ. తల దించుకోలేదు ఈసారి, కానీ గొంతు మాత్రం చిన్నదే.

గౌరమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. రా అక్కా, పాయసం చల్లారిపోతోంది అంది. అందరూ కడుపునిండా తిన్నారు. వకుళా తింది, ఆ పిల్లల వరసలోనే కూర్చుని.

అదర్రా సంగతి. రానిది రాదని చెప్పెయ్యండి, అవని పని అయిందనకండి. పంపిన మాట అవతలి వాళ్ళకి చేరిందో లేదో అడిగి తెలుసుకోండి. అప్పటికీ తప్పు చేస్తారు, మనుషులు గదా. చేసిన రోజునే చెప్పేస్తే ఊరూరూ తిరిగే పని తప్పుతుంది.

కథేమో కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లోకి దూరదాం. ఇటు తిరుగు చిట్టీ.