చాంపియన్ బూట్లు

యుగంధర్‌కు కోపం నషాళానికంటింది. ఆదివారం హార్స్‌లీ కొండ మీద జిల్లా సైకిల్ జట్టుకు ఎంపిక పోటీ. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, ఇక అవకాశం లేదు. సరిగ్గా ఇప్పుడే కుడి మోకాలు మొండికేసింది.

కుంటుకుంటూ వచ్చి, షెడ్డులో చైనుకు నూనె పెడుతున్న మస్తాన్ మాస్టారి ముందు కొత్త బూట్లు విసిరికొట్టాడు. గురువు ముందు బూట్లు విసరడమేమిటి అంటారా? కోపమొచ్చినవాడికి కళ్ళు కనపడవు కదా.

"నిలువుదోపిడీ మాస్టారూ. స్టేట్ చాంపియన్ వేసుకునే బూట్లే కొన్నాను. అడుగున మరలతో బిగించే క్లీట్లు కూడా ఆయనవే. పెడల్‌లో టక్కున ఇరుక్కుంటే ఇక ఇసుమంత కూడా కదలవు. ఆయన ఫొటో ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి మరీ తిన్నగా బిగించాను. అయినా మోకాలు పీకేస్తోంది. ఆ కొట్టువాణ్ణి ఊరికే వదలను."

"కొట్టాయన ముందు ఏవిచ్చాడు?"

"మడమను కాస్త అటూ ఇటూ ఆడనిచ్చే రకం క్లీట్లు. నేర్చుకునేవాళ్ళకు అవే మంచివట. ఇన్నేళ్ళు ఘాట్ రోడ్డెక్కినవాణ్ణి, నేను నేర్చుకునేవాణ్ణా?"

మాస్టారు నూనె డబ్బా పక్కన పెట్టి, "ఆ బల్లెక్కి కూర్చో. కాళ్ళు వేలాడెయ్యి" అన్నారు.

యుగంధర్ కూర్చున్నాడు. మాస్టారు చేతులు తుడుచుకుని, కింద చతికిలబడి, అతని కుడి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. యుగంధర్ ఉలిక్కిపడ్డాడు.

"మీరు నా కాలు పట్టుకోవడమేంటి మాస్టారూ, పాపం చుట్టుకుంటుంది."

"నువ్వు చెప్పేది చెప్పు. వింటున్నా."

వేళ్ళు తిన్నగా ముందుకు చూసేలా పాదాన్ని తిప్పి, అలాగే పట్టుకున్నారు. పట్టు గట్టిదేం కాదు. యుగంధర్ కాసేపు సిగ్గుతో ముడుచుకుపోయాడు. ఆ తర్వాత తిట్లలో పడి కాలి సంగతే మరిచాడు. కొట్టువాణ్ణి, బూట్లు చేసిన కంపెనీని, వాటిని పొగిడి వీడియోలు పెట్టినవాళ్ళని, ఎవర్నీ వదలకుండా కడిగేశాడు.

మధ్యలో గొంతు మారింది. "మాస్టారూ, వదలండి. అదే నొప్పి. మోకాలి లోపలివైపు."

మాస్టారు వదిలేశారు. పాదం తనంతట తనే పక్కకు తిరిగి, వేళ్ళు బయటికి చూస్తూ ఆగింది. ఎడమ పాదం తిన్నగానే ఉంది.

యుగంధర్‌కు ఉక్రోషం ఇంకా చల్లారలేదు. "మరి చాంపియన్‌కు సరిపోయింది కదా?"

"సరిపోయింది. బూట్లు ఆయనవి కొన్నావు, క్లీట్లు ఆయనవి కొన్నావు. మోకాళ్ళు ఎక్కడ కొన్నావు నాయనా?"

యుగంధర్ బల్ల దిగి, కుడి బూటు తిరగేసి, క్లీటు మరలు వదులు చేయసాగాడు.