పైడమ్మ తవ్విన తూర్పు గుమ్మం

జీడితోట వెనక గుట్టలో ముళ్లపందుల కాపురం ఒకటుండేది. మొగుడు కొండన్న, పెళ్లాం పైడమ్మ. బొరియలో రెండు గదులు, ఒకటి పడుకోవడానికి, ఒకటి దుంపలు దాచుకోవడానికి. ఆ ఏడు ముసురుకి, వాగొడ్డున కొండన్న అమ్మానాన్నలు ఉండే బొరియ కూలిపోయింది.

కబురు వినగానే పైడమ్మ అంది: "దుంపల గది ఖాళీ చేసేద్దాం. అత్తయ్యా మామయ్యా అందులో ఉంటారు."

"మరి దుంపలో?"

"మన గదిలో పెట్టుకుందాం. దుంపల పక్కన పడుకుంటే నీ ముళ్లేం రాలిపోవులే!"

పైడమ్మ అనుకుంటే ఇక ఆగదు. అత్తకి మోకాళ్ల నొప్పులని గది నేలంతా చదును చేసింది. మామ పడుకునే చోట ఎండుగడ్డి మందంగా పరిచింది. అత్త పళ్లు అరగదీసుకోవడానికి గట్టి ఎముక ఒకటి వెతికి తెచ్చి, చెయ్యి చాపితే అందేలా పెట్టింది. బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా కొడుకూ కోడలూ ఉండే గది దాటాలంటే పెద్దవాళ్లు మొహమాటపడతారని, వాళ్లకి వేరే గుమ్మం కూడా తవ్వుదామంది. ఇంత ఆలోచన ఎంతమందికి వస్తుంది చెప్పండి!

గుమ్మం అనేసరికి కొండన్నకి శాస్త్రం గుర్తొచ్చింది. సిద్ధాంతి చెప్పందే పిడికెడు మట్టి కూడా తియ్యడానికి వీల్లేదన్నాడు. మరి ఆ గుట్ట మీద సిద్ధాంతి ఎవరనుకున్నారు? నక్క!

నక్క వచ్చింది. తోకతో గది కొలిచింది, కళ్లు మూసుకుని ఏదో గొణిగింది.

"గుమ్మం తూర్పుకే ఉండాలి నాయనా. బాగా వెడల్పుగా పెట్టించు, పెద్దవాళ్లకి గాలీ వెలుతురూ కావాలి."

"అలాగేనండి."

"అసలు మాట ఇప్పుడు విను. వాళ్లిద్దరూ తల తూర్పుకి పెట్టుకునే పడుకోవాలి. తప్పితే నీకు ప్రాణగండం!"

గండం అన్న మాటకి కొండన్న ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "దక్షిణ ఏమివ్వమంటారండీ?"

"పెద్దవాళ్లకి చేసేదానికి దక్షిణేమిటయ్యా!" అంటూ నక్క పెదవులు నాక్కుంది.

మూల మట్టి తీస్తున్న పైడమ్మ ఆ నాలుక చూసింది. ఆమె పంజా ఆగిపోయింది. గుమ్మం తూర్పుకి, తలలూ తూర్పుకే. అంటే ముసలివాళ్ల మొహాలు నేరుగా గుమ్మంలో ఉంటాయి. ముళ్లపంది ఏదైనా గుమ్మానికి వీపు పెట్టే పడుకుంటుంది, బలమంతా వెనకనే కాబట్టి. ముందువైపు ఉండేది మెత్తటి ముక్కూ, మెత్తటి గొంతూ.

నక్క వెళ్లగానే మొగుడితో అదే చెప్పింది.

"సిద్ధాంతిగారినే అనుమానిస్తావా? నువ్వేమన్నా పంచాంగం చదివావా?" అని కొండన్న కసిరాడు.

సాయంత్రం అత్తా మామా వచ్చారు. గండం సంగతి విని అత్త హడలిపోయింది. "నా కొడుక్కి గండమంటే తలకిందులుగానైనా పడుకుంటానే అమ్మాయ్!" అంది.

పైడమ్మ అత్త వంక చూసింది. తను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, వేటకుక్కలు తరిమిన రోజున, తనని వెనక్కి నెట్టి ముందు నిలబడింది ఈ అత్తే. ఈమెనా ఆ నక్క నోటికి అందించేది? అత్త భయం పోగొట్టడం తన వల్ల కాదు. అయితే తవ్వేది తనే కదా!

తవ్వింది. తూర్పున వెడల్పాటి గుమ్మం పెట్టింది. కానీ దారిని నేరుగా గదిలోకి తియ్యకుండా, గోడ పక్కనుంచి చుట్టూ తిప్పి, పడమటి వైపు నుంచి గదిలోకి తెచ్చింది.

"ఇదేం దారే, గుట్టంతా ప్రదక్షిణ చేసి వస్తోంది!" అన్నాడు కొండన్న.

"గుమ్మం తూర్పుకే ఉందిగా? చలిగాలి నేరుగా మామయ్య గుండెకి తగలకుండా చిన్న మలుపు తిప్పాను. మలుపులు కూడదని శాస్త్రంలో ఉందా?"

కొండన్న బుర్ర గోక్కున్నాడు. సిద్ధాంతిగారు మలుపుల ఊసే ఎత్తలేదాయె!

ఆ రాత్రి గృహప్రవేశం చేసుకుని, దుంపలు కడుపునిండా తిని, తెల్లవారగానే అందరూ పడుకున్నారు. ముళ్లపందులకి పగలే కదా నిద్ర. అత్తా మామా తలలు బుద్ధిగా తూర్పుకి పెట్టుకున్నారు.

ఎండ పడగానే నక్క వచ్చింది. చెప్పినట్టే పెట్టిన గుమ్మం చూసి మురిసిపోయి లోపలికి దూరింది. లోపల చీకటి. దారి ఒకసారి తిరిగింది, మళ్లీ తిరిగింది. నోట్లో నీళ్లూరుతున్నవాడికి దిక్కులు ఏం గుర్తుంటాయి? గురక దగ్గరగా వినపడింది. గొంతు ఇక్కడే అనుకుని నోరంతా తెరిచి ఒక్క దూకు దూకింది.

ఆ కేకకి జీడితోటలో పిట్టలన్నీ లేచిపోయాయి.

కొండన్న బయటికి పరుగెత్తుకొచ్చేసరికి, నక్క ముక్కూ మూతీ ముళ్లతో నిండిపోయి గుమ్మం ముందు పొర్లుతోంది.

"సిద్ధాంతిగారూ! ఇంత పొద్దున్నే మీరు..."

"ద్వారం... ఎలా కుదిరిందో... చూద్దామని..."

కొండన్నకి అప్పటికి అర్థమైంది. సిగ్గుతో తల దించుకున్నాడు. పైడమ్మ మాత్రం ఎంతో మర్యాదగా ముందుకొచ్చింది. "చూశారుగా? గుమ్మం తూర్పుకే ఉంది, తలలూ తూర్పుకే ఉన్నాయి. మీరు చెప్పినదాంట్లో ఏమన్నా తప్పిందాండీ?"

నక్కకి మూతి కదిపితే ప్రాణం పోతోంది. మూలుగుతూ గుట్ట దిగిపోయింది.

లోపలి నుంచి అత్త గొంతు నిద్రమత్తుగా వినపడింది. "సిద్ధాంతిగారు వచ్చినట్టున్నారు. దక్షిణ ముట్టిందా అమ్మాయ్?"

"ముట్టింది అత్తయ్యా, ముక్కు నిండా!"

నీతి: పెద్దవాళ్లకి గది కట్టేటప్పుడు శాస్త్రం ఎవరినైనా అడగొచ్చు గానీ, వాళ్ల భద్రత మాత్రం వాళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లే చూసుకోవాలి.