కుంకుడు రసంతో కడిగిన స్పాంజి

ఇటు తిరుగు, అమ్మలూ. దుప్పట్లో మొహం దాచుకుంటే చేసింది పోదు. మజ్జిగ గిన్నె ఒలకబోశావు. ఒలికిన మజ్జిగ తుడిస్తే పోతుంది, దానికి ఎవరూ నిన్నేమీ అనరు. కానీ పిల్లి మీద చెప్పావు. దాన్ని వీధిలోకి తరిమి తలుపేస్తుంటే చూస్తూ నిలబడ్డావు. పడుకునే ముందు నువ్వు వినాల్సిన కథ ఒకటుంది. ఊఁ కొడుతూ విను.

అనగా అనగా కాలువ పక్కన ఒక ఊళ్ళో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేది. భర్త పోయాక తమ్ముడు కాశీపతి ఇంట్లోనే ఉంటూ, ఆ ఇల్లు చక్కబెట్టేది. శుభ్రమంటే ఆవిడకి ప్రాణం. చేతులు కడుక్కునే ముందు కుళాయిని కడిగేది. "మాణిక్యం ఇంట్లోకి ఈగ కూడా కాళ్ళు కడుక్కునే వస్తుంది" అని వీధిలో నవ్వుకునేవారు. అది విని ఆవిడ లోలోపల మురిసిపోయేది.

ఆవిడకి పిల్లల్లేరు. తమ్ముడి భార్య సుభాషిణికి నెలలు నిండుతున్నాయి. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. తల్లీబిడ్డా పుట్టింటి నుంచి వచ్చాక, బిడ్డకి నడక వచ్చేదాకా రోజూ నీళ్ళు పోసేది మేనత్తే. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి పోయాలి. మాణిక్యాంబ అప్పుడే సున్నిపిండి విసిరి డబ్బాకెత్తింది. పాత మెత్తటి చీరలు చింపి తుండుగుడ్డలు చేసింది. ఆవిడ మనసులో ఇక వేరే కోరిక లేదు.

సుభాషిణికేమో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో గప్పీలు, మోలీలు, గౌరామీలు, అడుగున తిరిగే మీసాల చేపలు, అన్నీ పొత్తుగా బతికేవి. గప్పీలు పిల్లల్ని పెట్టాయి. గౌరామీలు పెరిగాయి. మూలన బుడబుడమంటూ నడిచే చిన్న స్పాంజి ఫిల్టరు ఇక వాటికి చాలలేదు. నీళ్ళలో తేట తగ్గింది.

అప్పుడు సుభాషిణి పురిటికి వెళ్ళేలోపే భర్తని వెంటబెట్టుకుని మస్తాన్ చేపల కొట్టుకి వెళ్ళింది. మస్తాన్ మూడు రకాల ఫిల్టర్లు చూపించాడు. మొదటిది పాతదానిలాంటిదే, కాస్త పెద్దది. "పిల్లలు పెరిగితే ఇదీ చాలదు" అంది. రెండోది తొట్టి కింద పెట్టే పెద్ద డబ్బా. "మా తొట్టికి దీని జోరు ఎక్కువ. గౌరామీలకి నిలకడ నీళ్ళు కావాలి. దీని ముందు ఈదలేక అలిసిపోతాయి" అంది. మూడోది తొట్టి వెనక అంచుకి తగిలించే పెట్టె. లోపల స్పాంజి, గరుకు పింగాణీ ముక్కలు, జోరు తగ్గించుకోవడానికి ఒక మర. అదే తీసుకుంది. పిల్ల చేపలు గొట్టంలోకి లాక్కుపోకుండా దాని మూతికి ఒక స్పాంజి ముక్క తొడిగించింది.

ఇంటికొచ్చి పెట్టె తగిలించాక, ఆడపడుచుని తొట్టి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది.

"వదినా, కొత్తది వచ్చింది కదా అని పాతది తీసెయ్యకండి. నేను వచ్చేదాకా రెండూ కలిసి నడవాలి. ఈ స్పాంజిలో ఉన్నది వట్టి మురికి కాదు. చేపల వల్ల నీళ్ళలో చేరే విషాన్ని విరిచేసే సూక్ష్మజీవులు ఇందులోనే ఉంటాయి. పాలు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు కాస్త కలుపుతాం చూడండి, కొత్త ఫిల్టరుకి ఈ పాతది అలాంటిది. మరీ మూసుకుపోతే తొట్టి నీళ్ళే బకెట్లోకి తీసి, అందులో ఒకసారి పిండండి చాలు. కుళాయి నీళ్ళు తగలనివ్వకండి. వాటిలో బ్లీచింగ్ ఉంటుంది."

"అంటే మురికిని పెంచమంటున్నావు."

"పెంచమనే, వదినా."

"మీ పుట్టింట్లో ఇలాగే నేర్పారు కాబోలు" అని మాణిక్యాంబ నవ్వింది. "సరేలేవే, ముట్టుకోను. నువ్వు క్షేమంగా వెళ్ళి, బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టు."

సుభాషిణి వెళ్ళింది. మాణిక్యాంబ కొన్నాళ్ళు ఓర్చుకుంది. కానీ పాత స్పాంజి మీది ఆ గోధుమరంగు జిగురు కంటపడినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళంతా గీరుకున్నట్టుండేది. తన ఇంట్లో, అందరూ కూర్చునే గదిలో, ఎవరూ కడగని వస్తువు ఒకటి ఉండడమేమిటి?

ఒక శుక్రవారం ఇల్లు కడుగుతూ ఆవిడ ఆ స్పాంజిని లాగేసింది. వేడినీళ్ళలో వేసింది. కుంకుడు రసం పోసి, నురగ తెల్లబడేదాకా పిసికింది. ఆ తర్వాత కొత్త పెట్టెలోని స్పాంజి, పింగాణీ ముక్కలు కూడా తీసి అలాగే రుద్దింది. అన్నిటినీ ఎండలో పెట్టింది. సగం నీళ్ళు తోడేసి, కుళాయి నీళ్ళు నింపింది. సాయంత్రానికి తొట్టి తళతళలాడింది. పాత స్పాంజిని గూట్లో పెట్టేసి, కొత్త పెట్టె ఒక్కటే తగిలించింది. పక్కింటావిడ వచ్చి చూసి, "నీ చెయ్యి పడితే నీళ్ళకి కూడా నిగారింపే" అని మెచ్చుకుంది.

ఆ తర్వాత నీళ్ళు పాలు కలిసినట్టు తెల్లబారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకున్నాయి. ముందు గప్పీలు పోయాయి, తర్వాత గౌరామీలు. మాణిక్యాంబ వాటిని మందార మొక్క మొదట్లో పూడ్చింది. ఎవరి చేతి పనో ఆవిడకి తెలుసు, అమ్మలూ. ఎవరూ చెప్పక్కర్లేదు.

కాశీపతి ఆఫీసు నుంచి వచ్చి తొట్టి చూశాడు. "ఇదేంటక్కా?"

అప్పుడు ఒక్క మాట చాలేది. కడిగానురా, పొరపాటైంది అంటే సరిపోయేది. కానీ ఆ మాట సుభాషిణి చెవిన పడితే, చెప్పిన మాట విననిదాని చేతికి పసిబిడ్డనిస్తుందా అని ఆవిడకి భయం వేసింది. "పొద్దుటినుంచీ కరెంటు లేక ఫిల్టరు ఆగిపోయిందిరా" అంది.

తమ్ముడు నమ్మాడు. ఆవిడే మస్తాన్ దగ్గరికి వెళ్ళి అచ్చం అలాంటి చేపల్నే తెచ్చింది. అవీ పోయాయి. మళ్ళీ వెళ్తే మస్తాన్ గడ్డం గోక్కుంటూ, "అమ్మగారూ, పెంచుతున్నారా, పులుసు పెడుతున్నారా?" అన్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "ఆ మస్తాన్ రోగపు చేపలు అంటగట్టాడురా" అంది. కాశీపతి వెళ్ళి నలుగురిలో అతన్ని నానా మాటలూ అని వచ్చాడు.

ఆ తర్వాత పక్క ఊరి నుంచి మూడో విడత చేపలు తెప్పించింది. అవీ చాలా వరకు పోయాయి. ఈసారి నెపం వేయడానికి ఇంట్లో మిగిలింది పనిమనిషి దేవుడమ్మే. "ఫినాయిలు గుడ్డ తొట్టి మీద పిండిందిరా, నా కళ్ళతో చూశాను" అంది.

దేవుడమ్మ చీపురు గోడకి ఆనించి, ఆవిడ మొహంలోకి చూసింది. "చూశారా అమ్మగారూ?" అంది.

"చూశాను."

"అయితే సరేనండి" అని దేవుడమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి నీళ్ళు తమంతట తామే కుదుటపడ్డాయి. మిగిలిన చేపలు బతికాయి. తొట్టి మళ్ళీ మునుపటిలాగే కనపడసాగింది. ఇక ఎవరికీ తెలియదని మాణిక్యాంబ నిబ్బరంగా ఉంది.

అప్పుడు సుభాషిణి ఆడపిల్లని ఎత్తుకుని వచ్చింది. దిష్టి తీయించుకుని లోపలికొచ్చి, తొట్టి ముందు నిలబడింది. ఎవరి పిల్లల్ని వాళ్ళు గుర్తుపట్టరూ?

"ఇవి నా చేపలు కావు, వదినా. ఏమైంది?"

"ఫోన్లో చెప్పాడుగా వాడు. దేవుడమ్మ ఫినాయిలు..."

మూలన పాత ఫిల్టరు కనపడక సుభాషిణి వెతికి, గూట్లోంచి ఆ స్పాంజి తీసింది. అది దూదిలా తెల్లగా ఉంది. వాసన చూసింది. ఇంకోసారి అడిగింది, మెత్తగానే. "దేవుడమ్మేనా?"

"దేవుడమ్మే."

మూడోసారి అడగలేదు. స్పాంజిని తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది. ఎండలో ఎండి గట్టిపడినా దాన్ని కుంకుడు వాసన వదల్లేదు. మాణిక్యాంబ తల వంచుకుంది. కాశీపతి అది చూశాడు. చెప్పులేసుకుని, ముందు మస్తాన్ కొట్టుకి, అక్కణ్ణుంచి దేవుడమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరికీ చేతులు జోడించాడు. దేవుడమ్మ మర్నాడు పనిలోకి వచ్చింది.

ఆ పొద్దున మాణిక్యాంబ నీళ్ళు కాచింది. పీట వేసి, సున్నిపిండి కలిపి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "తేవే పిల్లని" అంది.

సుభాషిణి పిల్లని దించలేదు.

"వదినా, చేపలు చచ్చాయని కాదు. మురికి చూడలేక కడిగారు, అందులో పెద్ద తప్పేమీ లేదు. కానీ రేపు పిల్లకి నీళ్ళు వేడెక్కువై ఒళ్ళు కాలితే, చేయి జారి పడితే, మీరు నాకు చెప్పరు. ఎవరో ఒకరి మీద పెడతారు. నేను ఆ మాట నమ్మి తప్పుడు మందు వేస్తాను. నాకు భయంగా ఉంది."

మాణిక్యాంబ నోరు తెరిచింది. ఇక మీదట నిజమే చెప్తాననాలనుకుంది. ఆ మాటని నమ్మమని అడగడానికి తన దగ్గర ఏముంది? పీట మీంచి లేచింది.

ఆ పిల్లకి నీళ్ళు పోసింది దేవుడమ్మ. నడక వచ్చేదాకా ఆమే పోసింది. ఆనవాయితీ ఆ ఇంట్లో అలా తెగిపోయింది. మాణిక్యాంబ రోజూ పొద్దున్నే నీళ్ళు కాచి పెట్టి, తడిక ఇవతల కూర్చునేది. చెంబు చప్పుడు, పిల్ల ఏడుపు, ఆ తర్వాత కేరింతలు వినపడేవి. అంతా అయ్యాక తడినేల కడగడానికి లోపలికి వెళ్ళేది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ రెప్ప తట్టింది.