కత్తిరించిన చక్కెర గొలుసులు

విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో పరాంకుశం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. తన లెక్కకు అడ్డొచ్చినదేదైనా ఆయనకు చెత్తే.

ఆయన ప్రయాన్ జబ్బు మీద పనిచేసేవాడు. ఆ జబ్బులో మెదడులోని ఒక ప్రొటీన్ వంకర తిరిగి, పక్కవాటినీ తనలాగే తిప్పి, గడ్డలు కడుతుంది. ఆ ప్రొటీన్‌కు సన్నని చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. కొన్నింటికి రెండు, కొన్నింటికి ఒకటి, కొన్నింటికి అసలుండవు. అందుకే ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే పరీక్షలో ఒక్క గీతకు బదులు మూడు మసక గీతలు వచ్చేవి. అవి చూస్తే పరాంకుశానికి ఒళ్లు మండేది. ఎంజైమ్ వేసి గొలుసులన్నీ కత్తిరించేశాడు. ఒక్కటే గీత వచ్చింది. ఆ బోడి ప్రొటీన్ మీద తన మందు వేస్తే గడ్డ కట్టడం ఆగింది.

"సార్, రోగి మెదడులో ఉన్నది బోడి ప్రొటీన్ కాదు," అంది తోటి శాస్త్రవేత్త హైమవతి. "పీచు ఒలిచిన కొబ్బరికాయను చూసి చెట్టు మీద కాయ కూడా ఇంతే అంటే ఎలా? గడ్డ కట్టే తీరునే ఆ గొలుసులు మార్చేస్తాయి. వాటిని ఉంచి ఒక్కసారి చూడండి."

"ఊడ్చిన చెత్త మళ్లీ తెచ్చి పొయ్యకండి!" అని కసిరాడు పరాంకుశం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పక్క ఆసుపత్రిలో అదే జబ్బుతో ఎల్లాజీ అనే జాలరి ఉన్నాడు. అప్పటికింకా మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. "ఇంటికెల్లిపోదామే, ఓపాలి సముద్రం సూత్తాను," అని భార్య నూకాలును బతిమాలేవాడు. పరాంకుశం వెళ్లి, "కదలకండమ్మా, మందు దొరికింది," అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! పాపం, నూకాలు నమ్మి ఆగిపోయింది.

చివరికి గొలుసులున్న ప్రొటీన్‌తో హైమవతే పరీక్ష చేసింది. మందు వేసినా గడ్డలు ఎప్పటిలాగే కట్టాయి. ఆ సంగతి చెప్పడానికి పరాంకుశం ఆసుపత్రికి వెళ్లేసరికి ఎల్లాజీ భార్యను కూడా మరిచిపోయాడు.

"చిన్న పొరపాటు జరిగిందమ్మా... ఆ మందు పనిచెయ్యదు," అన్నాడాయన.

నూకాలు భగ్గుమంది. "సిన్నదా? మందు నేదంటే నా రాత అనుకుందును. ఆడు నన్ను 'నూకాలూ' అని పిలిసిన ఆకరి రోజులన్నీ నీ మాట నమ్మి ఈ వరండాలోనే పోగొట్టుకున్నాను. అయి తెచ్చియ్యి బాబూ, తెచ్చియ్యి!"

పరాంకుశం తల దించుకున్నాడు. దించుకుంటే ఏం లాభం? ఎల్లాజీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

నీతి: తనకు అడ్డొచ్చిన నిజాన్ని కత్తిరించి పారేసి, మిగిలిన ముక్కనే నిజమని చెప్పేవాడు, నమ్మినవాళ్ల బతుకును దోచుకున్నట్టే.