ఒకటే గీత

తిండిలో రవ్వంత పల్లీ ఉన్నా పట్టేసే కాగితం పట్టీ కోసం భార్గవి రెండేళ్లు కష్టపడింది. తిండి కలిపిన నీళ్లలో ముంచాలి. పల్లీ ఉంటే రెండు గీతలు. లేకపోతే ఒకటే.

ఆ పొద్దున స్వరూప ఒక డబ్బాతో ల్యాబ్‌కొచ్చింది. అందులో పుట్నాల లడ్డు. వాళ్ల పాప ఆద్యకి పల్లీ పడదు. పొడి తగిలినా గొంతు మూసుకుపోతుంది. ఇప్పటికే రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టారు. బడిలో శనివారం అందరికీ ఈ లడ్డే. ఆద్య ఒక్కతే గుమ్మం దగ్గర కూచుంటుంది.

"ఒక్కసారన్నా అందరి మధ్యల కూచొని తింటదంట మేడమ్. చేసేటాయన పల్లీలు వెయ్యలేదనే అంటడు. పెట్టొచ్చా?"

భార్గవి పట్టీ ముంచింది. బయట తుంపర. లోపల ఫ్రిజ్ ఏదో కూనిరాగం తీస్తోంది. చీర అంచు తడిసినట్టు తడి మెల్లగా పైకి పాకింది.

ఒక గీత. ఎంతసేపు చూసినా రెండోది రాలేదు.

భార్గవికి కాళ్లు నేలకి ఆనలేదు. "స్వరూపక్కా..."

"ఆగమ్మా," అంది ఖుర్షీద్ మేడమ్. భార్గవికి పని నేర్పింది ఆవిడే. "ముందు టీ తాగుదాం."

వరండాలో టీ కాచి గ్లాసుల్లో పోసి, అదే స్టవ్ మీద మూకుడు పెట్టింది. ఆవిడే లోపల్నుంచి భార్గవి బల్ల మీది సీసా తెచ్చి, గుప్పెడు పచ్చి పల్లీలు మూకుడులో పోసింది.

"మేడమ్, అవి శాంపిల్స్! ఏరి ఏరి పెట్టుకున్నా!"

"తెలుసులే. రెండేళ్లుగా వీటితోనే కదా నీ కాపురం."

పల్లీలు చిటపటమన్నాయి. వాసన వానలో కలిసి ఎటెటో వెళ్లింది. ఎప్పటిదో బస్టాండు, వెచ్చటి కాగితం పొట్లం, ఎవరిదో చెయ్యి భార్గవికి లీలగా గుర్తొచ్చాయి. ఈలోగా మేడమ్ వాటిని దంచి, చిటికెడు పొడి నీళ్లలో కలిపి, గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

భార్గవి పట్టీ ముంచింది. ముగ్గురూ చూస్తూ కూచున్నారు. టీ చల్లారిపోయింది.

ఒకటే గీత.

"అయ్యో, ఇక్కడంతా వాసనొస్తుంటే లేదంటదేంది ఇది?" అంది స్వరూప.

"పాపం, దానికి పచ్చివే చూపించావు. వేయించినవి అదెప్పుడు చూసింది?" అంది మేడమ్.

భార్గవి లడ్డు డబ్బాకి మూత పెట్టింది.

"పెట్టకక్కా. నాకింకా తెలీదు."

స్వరూప డబ్బా అందుకుంది. "సరే తల్లీ. గుమ్మం దగ్గర ఇంకొన్ని శనివారాలు కూచుంటది."

ఆమె వెళ్లాక భార్గవి సీసా తీసుకుని మళ్లీ స్టవ్ వెలిగించింది.

"ఈసారి కొన్ని మాడనివ్వు," అంది మేడమ్.