వానపాము మెడలో పసుపుదారం

ఒకప్పుడు వానపాము ఒంటి మీద ఏ గుర్తూ ఉండేది కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నునుపు. ఎటు తల, ఎటు తోక అని అడిగితే అది కూడా కాసేపు ఆలోచించి చెప్పేది.

ఆ రోజుల్లో గాలం వేసేవాళ్ళు ఎరని గుచ్చేవాళ్ళు కారు. ప్రాణమున్నదాన్ని గుచ్చితే పాపం తగులుతుందని భయం. చేపని పులుసు పెట్టుకుంటే మాత్రం తగిలేది కాదు. అందుకని వానపాముని గాలానికి మెలికలు తిప్పి చుట్టి, "నీదే భారం తల్లీ గంగమ్మా" అని నీళ్ళలోకి వదిలేవారు.

నీళ్ళు తగలగానే వానపాము జారిపోయేది. హాయిగా ఒళ్ళు కడుక్కుని, గట్టెక్కి, మట్టిలోకి పోయేది. చేపలు వచ్చి వట్టి గాలాన్ని చూసి వెళ్ళిపోయేవి. దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, గాలంకర్ర పట్టుకున్నవాళ్ళకి తప్ప.

కాలవగట్టున ఉండే మరిడమ్మకి ఇప్పుడు ఆ ఇబ్బంది వచ్చిపడింది. కూతురు అప్పలకొండ పురిటికి వచ్చి పిల్లని కంది. పిల్ల ముద్దుగానే ఉంది గానీ, తల్లికి పాలు పడలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

మంత్రసాని వచ్చి చూసింది. "కొర్రమీను పులుసు పెట్టు మరిడమ్మా. పాలు పడతాయి. ఆలస్యం చెయ్యకు" అంది.

పెట్టడానికి మరిడమ్మకేం అభ్యంతరం లేదు. కొర్రమీనే ఒప్పుకోవాలి.

మరిడమ్మ గాలంకర్ర తీసుకుని కాలవకి వచ్చింది. గట్టు తవ్వి ఓ వానపాముని పట్టింది. గాలానికి చుట్టి వదిలింది. వానపాము జారిపోయింది. మళ్ళీ పట్టి, బంకమట్టి మెత్తి వదిలింది. మట్టి విడిపోయింది, వానపాము జారిపోయింది. బెల్లప్పాకం పూసి వదిలింది. ఈసారి వానపాము మూతి తుడుచుకుంటూ గట్టెక్కింది.

"రేపు కూడా పాకమేనా మామ్మా?" అని అడిగింది.

"రేపటి దాకా నా మనవరాలు ఉంటేగా" అంది మరిడమ్మ, గట్టు మీద కూలబడి.

వానపాము ఆగింది. "ఏమైందేం?"

మరిడమ్మ చెప్పింది. పాలు పడకపోవడం చెప్పింది, పిల్ల మూలుగు చెప్పింది. చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకోబోతే చేతికి ఏదో తగిలింది. చూస్తే గంగమ్మ జాతరకని పసుపు రాసి పెట్టుకున్న దారం, కొంగున ముడేసి ఉంది.

జాతరకి కంకణం కట్టుకోవడం అంటే ఏమిటో మీకు తెలుసుగా. తల్లికి మొక్కుకుని చేతికి పసుపుదారం కట్టుకుంటారు. ఆ మొక్కు తీరేదాకా పొలిమేర దాటకూడదు. పక్కూళ్ళో పెళ్ళిభోజనం ఉన్నా సరే, దాటకూడదు.

మరిడమ్మ దారం విప్పి చేత్తో సాగదీసింది. "ఒరేయ్, నీకు గంగమ్మ తల్లి మీద భక్తి ఉందా?"

"ఎందుకుండదు మామ్మా. ఒంటికి తడి లేకపోతే నాకు ఊపిరే ఆడదు. ఆవిడ పెట్టిన బతుకే ఇది."

"అయితే నీకు కంకణం కడతాను. పిల్ల కడుపునిండా పాలు తాగేదాకా పొలిమేర దాటకూడదు."

"పొలిమేర ఎక్కడ?"

"ఇదిగో, ఈ గాలం. ఇక్కణ్ణుంచి ఈ మొన దాకా."

వానపాము గాలాన్ని పైకీ కిందికీ తడిమింది. "చిన్న ఊరే."

"నువ్వు మాత్రం ఏమంత ఉన్నావు?"

ఆ మాటలో అన్యాయమేమీ కనపడలేదు వానపాముకి. మెడ చాపింది. ఎటువైపు మెడో మరిడమ్మ అడిగి తెలుసుకుంది. చేతులకి మట్టి అంటి ఉందని కాలవలో కడుక్కుని, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టి, దారం చుట్టి ముడేసింది. మిగిలిన కొసని గాలానికి కట్టి, నీళ్ళలోకి వదిలింది.

అప్పట్లో నీళ్ళలో మాటలు గాలం తాడు వెంట పైకి వినపడేవి. మరిడమ్మ తాడు చెవికి ఆనించుకుంది.

కొర్రమీను వచ్చింది. పెద్దది. ఆ కాలవకి అదే మోతుబరి.

"ఏం, ఇంకా ఇక్కడే ఉన్నావు? జారవా?" అంది.

"జారకూడదండీ. కంకణం కట్టుకున్నాను."

"ఎవరి పేరున?"

"గంగమ్మ తల్లి పేరున."

కొర్రమీను ఆ పేరుకి తల వంచింది. దాని ఇల్లూ వాకిలీ అంతా ఆ తల్లిదే. "అది సరేగానీ, నువ్వు ఇలా కదలకుండా ఉంటే నిన్ను తినాల్సొస్తుంది. చేపనై పుట్టి ఎరని వదిలి వెళ్ళానంటే రేపు నలుగురిలో బాగోదు."

"తినండి. నేను మాత్రం పొలిమేర దాటను."

వానపాము గాలాన్ని ఇంకా గట్టిగా చుట్టుకుంది. గట్టు మీద మరిడమ్మకి ఆ మాట వినపడింది. లాగేద్దామా అనుకుంది. అంతలో ఇంట్లోంచి పిల్ల మూలుగు వినపడింది. లాగలేదు.

కొర్రమీను నోరు తెరిచి, గాలంతో సహా మింగింది.

మరిడమ్మ అప్పుడు లాగింది. ఆవిడ లాగిన లాగుడికి కొర్రమీను వచ్చి గట్టు మీద గడ్డిలో పడింది. నోరు తెరిచి చూస్తే లోపల గాలాన్ని చుట్టుకుని, కళ్ళు లేకపోయినా కళ్ళు మూసుకున్నట్టు ముడుచుకుని, వానపాము ఉంది.

"అయిపోయిందా మామ్మా?"

"సగం అయింది నాయనా" అంది మరిడమ్మ. గాలానికి కట్టిన కొసని తెంపి, వానపాముని మెల్లగా మట్టి మీద పెట్టింది. "మెడలోది ఇప్పుడే విప్పకూడదు. పిల్ల పాలు తాగాలి, మొక్కు తీరాలి. కట్టిన చెయ్యే విప్పాలి. ఇకమీదట ఈ మట్టే నీ పొలిమేర. మళ్ళీ వాన పడిన రోజు, ఆ తల్లి నీళ్ళు నెత్తిన పడుతుండగా వచ్చి విప్పుతాను."

"సరే మామ్మా" అని వానపాము మట్టిలోకి వెళ్ళింది.

ఆ పూటే అప్పలకొండ పులుసు తాగింది. తెల్లారేసరికి పాలు పడ్డాయి. పిల్ల తాగి, తాగి, రొమ్ము వదలకుండానే నిద్రపోయింది.

మళ్ళీ వాన పడింది. మరిడమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని, తడుస్తూ గట్టు మీదికి వచ్చింది. తొలి చినుకు చప్పుడుకే కింద వానపామూ బయల్దేరింది. బయల్దేరడంలో ఆలస్యమేమీ లేదు. కానీ వానపాము నడక ఎలాంటిదో మీరు చూసే ఉంటారు. మరిడమ్మ చాలాసేపు నిలబడింది. చివరికి ఇంట్లో పిల్ల లేచి ఏడుపు అందుకుంటే వెనక్కి వెళ్ళింది. ఆవిడ అడుగుల గుంటల్లో నీళ్ళు నిండాక వానపాము పైకి వచ్చింది.

ఆ తరవాతి వానకీ అంతే. ఆపై వానకీ అంతే. పిల్ల పెద్దదయింది, దానికీ పిల్లలు పుట్టారు. మరిడమ్మ ఎప్పుడో ఆ తల్లి పాదాల దగ్గరికి చేరింది. ఆ కబురు మట్టిలోకి ఎవరూ తీసుకెళ్ళలేదు. వానపాము తన పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి వాళ్ళ మెడకీ తన మొక్కు అప్పగించింది.

అప్పటినుంచే పెద్దయిన ప్రతి వానపాముకీ మెడ దగ్గర ఓ పట్టీ ఉంటుంది. అప్పటినుంచే వాన పడితే చాలు, అవి మట్టిలోంచి పైకి వచ్చి, తల ఎత్తి అటూ ఇటూ తడుముతాయి, విప్పే చెయ్యి ఎక్కడుందా అని.